కళ్ళు పెట్టని సిపాయి

పిల్ల పెదవి మీద ఎర్రగా కనబడగానే రక్తం అనుకున్నాను.

చేతిలో గరిటె అక్కడే వదిలేసి వచ్చి, దాని నోట్లో వేలు పెట్టి తీస్తే, నా చిటికెన వేలంత సిపాయి బొమ్మ బయటికి వచ్చింది. వాడి భుజం మీది పసుపు రంగు పిల్ల పళ్ళకు గీరుకుపోయి, కింద ఉన్న ఎర్ర పూత తేలింది. రక్తం కాదని తెలిశాక స్థిమితపడాల్సింది. కాని అది సీసంతో పోసిన బొమ్మ అని వెంటనే గుర్తొచ్చి, సీసం విషమని పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

అమ్మావాళ్ళు సూరత్ శివారు భేస్తాన్‌లో గది మారుతూ, కొత్త గదిలో చోటు లేక, ఒక ఇనప పెట్టె తెచ్చి మా ఫ్లాట్‌లో పెట్టారు. పిల్ల దాన్ని ఎలా తెరిచిందో, పాత చీరల మడతల్లోంచి వీణ్ని పట్టుకుంది. డాక్టరు గారు చూసి, ఒకసారి చప్పరించినంత మాత్రాన ఏమీ కాదనీ, నా తృప్తి కోసం కావాలంటే రక్తపరీక్ష చేయిద్దామనీ అన్నారు. చేయించాను. రిపోర్టు రేపు వస్తుంది. "భయపడాల్సిందేమీ లేదమ్మా" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. ఆ మాట విని నిద్రపోగలిగే తల్లులు వేరే ఉంటారు.

పిల్ల నాన్న హజీరాలో రాత్రి డ్యూటీకి కంపెనీ బస్సెక్కి వెళ్ళాడు. పిల్ల నిద్రపోయింది. సిపాయిని సబ్బుతో కడిగి, తుడిచి, ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నడుముకు దట్టీ ఉంది. చేతిలో డాలు ఉంది. డాలు మీద చీమ తలంత ముగ్గు కూడా ఉంది. మీసం ఉంది. నెత్తిన సగం సిగ ఉంది. కళ్ళు మాత్రం లేవు. కనుబొమల కింద ఒట్టి చామనఛాయ రంగు.

పడుకునే ముందు పిల్ల మళ్ళీ అడిగింది, "మమ్మీ, ఇస్కీ ఆంఖ్ కహా హై?" అని.

"ఇంకా పెట్టలేదమ్మా."

"ఎప్పుడు పెడ్తారు?"

దుప్పటి కప్పాను.

*

వీణ్ని చేసింది మా మామ. అమ్మకు తమ్ముడు. నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా భేస్తాన్‌లో మా గదిలోనే ఉండేవాడు. భార్యాపిల్లలు ఓరుగల్లు దగ్గర మా ఊళ్ళో. చీరల మీద అచ్చు వేసే మిల్లులో ట్రేసింగ్ పని అతనిది. ఎవరో గీసిన పువ్వును, రంగుకొకటి చొప్పున, పలచటి ఫిల్ముల మీదికి ఎత్తాలి. రేకు ఒక వెంట్రుక వాసి పక్కకు జరిగినా చీర పాడవుతుంది. మామ చెయ్యి జరిగేది కాదు. కాని తన పువ్వు తను గీసే వీలు లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు పక్కింటి నకాషీ తాత దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. నకాషీలంటే గుడ్డ పటాల మీద కులకథలు బొమ్మలుగా గీసేవాళ్ళు. ఊరూరా తిరిగే కథకులు ఆ పటం విప్పి కథ చెబుతారు. ఆ తాతకు పటాలు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయారు, మామ సూరత్ రైలెక్కాడు.

మా గల్లీకి రెండు వాసనలుండేవి. పగలు నూలుకు పట్టించే గంజి వాసన, పొద్దు వాలాక ప్రతి ఇంట్లో కాలే జొన్నరొట్టె వాసన. మిల్లు వెనక కాలువలో నీళ్ళు ఒకనాడు గులాబీ రంగులో, ఒకనాడు చిలకపచ్చగా పారేవి. రేపు ఏ రంగు వస్తుందో అని పిల్లలం చింతగింజలు పందెం కాసేవాళ్ళం. మామ ఆ మిల్లు మనిషే గనక నేను ముందే అడిగి తెలుసుకుని అందరి గింజలూ గెలిచేదాన్ని. ఆ గింజలు చివరికి ఓరుగల్లు సైన్యానికి పనికొస్తాయని అప్పుడు తెలియదు.

బావాజీ మామకు మిల్లులోనే దొరికాడు. బావాజీ అంటే పార్సీ ముసలాయన. అందరూ అలాగే పిలిచేవారు, ఆయనా పలికేవాడు. వయసులో ఓడల మీద తిరిగి, తర్వాత మిల్లులకు రంగులు అమ్మి, అదీ మానుకున్నాడు. ఎప్పుడో పాత స్నేహం కొద్దీ మిల్లుకొచ్చి, మామ బల్ల మీద ఫిల్ము అంచున ఊరికే గీసుకున్న గుర్రాన్ని చూశాడట. బొటనవేలి గోరంత గుర్రం. దానికి కళ్ళెం, కళ్ళేనికి కుచ్చు.

"నీకు సిపాయిలకు రంగులు వెయ్యడం వచ్చా?" అని అడిగాడట.

"ఏ సిపాయిలకు సేఠ్?" అన్నాడట మామ.

*

ఆదివారం పూట మామా నేనూ షేరింగ్ ఆటోలో ఉధనా దర్వాజా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి బావాజీ ఉండే నాన్‌పురాకు నడిచేవాళ్ళం. ఎండకు తాళలేక నేను మొండికేస్తే మామ భుజాన ఎత్తుకునేవాడు. "ఓరుగల్లు ఏనుగెక్కినవు కోడలా, గట్టిగ వట్టుకో" అనేవాడు.

బావాజీది కర్ర మెట్ల పాత ఇల్లు. గుమ్మం ముందు సుద్దతో అచ్చుముగ్గు. లోపలికి వెళ్ళగానే పుదీనా, నిమ్మగడ్డి వేసి మరిగించిన టీ వాసన. దాని వెనకే ఘాటుగా ఇంకో వాసన, కరిగిన సీసానిది. ఆయన వంటింటి పొయ్యి మీదే సీసం కరిగించి, అచ్చుల్లో పోసి సిపాయిల్ని తీసేవాడు. అదే పొయ్యి మీద టీ. ఆ టీలో ముంచుకుని బేకరీ నాన్‌ఖటాయిలు నేనెన్ని తిన్నానో. మామ కుంచె మొనను పెదాలతో సరిచేసేవాడు, నేనూ చేసేదాన్ని. మా ఇద్దరికీ ఏమీ కాలేదు కదా అని ఈ రాత్రి నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ముందుగదిలో సగానికి పైగా ఒక బల్ల. మొదటిరోజు దాని అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూశాను. బల్ల మీద గుట్టలు, ఏరు, ఏటి మీద వంతెన, తాపీ ఒడ్డున సూరత్ కోట, దాని చుట్టూ మొగలు గుర్రాలు, ఎర్రకోట్ల ఇంగ్లీషువాళ్ళు. బొమ్మల కొలువు అనుకున్నాను. కాదు, అది యుద్ధం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పాచికలు వేస్తారు. గుర్రం ఒక విడతలో జానెడు కదలొచ్చు, కాలిబంటు అందులో సగం. టేపు పట్టి కొలిచి మరీ కదపాలి. ఎవరు చావాలో, ఎవరు పారిపోవాలో పాచిక చెబుతుంది. బావాజీ తన డాక్టరు స్నేహితుడితో ఏళ్ళ తరబడి ఈ ఆట ఆడాడు. ఆ స్నేహితుడు పోయాడు. అప్పటినుంచి బల్ల మీద దుమ్ము పడకుండా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది హిందీలోనే. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"ఇవన్నీ జరిగిపోయిన యుద్ధాలేనా సేఠ్?"

"జరిగినవే. కాని మళ్ళీ ఆడితే అలాగే జరగాలని లేదు. ఓడినవాడు గెలవొచ్చు. లేకపోతే ఆట ఎందుకు?"

మామ చాలాసేపు బల్ల చుట్టూ తిరిగాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, నాన్‌ఖటాయిల పొట్లం చించి, దాని మీద ఒక గుండ్రటి గీత గీశాడు. దాని చుట్టూ ఇంకోటి. "ఇది రాతికోట. దీని సుట్టూ మట్టికోట. నడుమ నీళ్ళ కందకం. మా ఓరుగల్లు. ఢిల్లీ ఫౌజు వచ్చి కూలగొట్టింది."

బావాజీ ఆ కాగితాన్ని కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని చూశాడు. "రెండు గోడలా!" అన్నాడు. మిఠాయి కొట్టు ముందు నేను నిలబడినట్టు నిలబడ్డాడు.

ఓరుగల్లు అలా మొదలైంది.

*

ఇంట్లో దీనికి ఎవరి ఆశీర్వాదమూ లేదు. సాంచాల మోతకు, అంటే మరమగ్గాల మోతకు, సగం చెవుడొచ్చిన మా బాపు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. "ఏం బామ్మర్దీ, నాకంటె ఆ బావాజీనే నీకు ఎక్కువ బావయిండు?" అని గల్లీ అంతా వినబడేలా అనేవాడు. "పాచికలంటె జూదమే గదా. జర చెప్పు, ఎవడు గెలుస్తుండు?"

"ఇంకా యుద్ధమే మొదలు గాలేదు బావా."

"మొదలుగాని యుద్ధానికి గింత తిప్పలా!"

అమ్మ అటువైపు తిరిగి రొట్టె చరుస్తూనే అందుకునేది. "ముసలాయనకు బొమ్మలాట, వీనికి రంగులాట. ఆడ ఊర్ల పెండ్లాం ఎదురుసూస్తాంది, ఈడ వీడు సిపాయికి దట్టీ కడ్తాండు." అంటూనే ఆదివారం పొద్దున మా చేతికి సర్వపిండి రొట్టెలు కట్టిచ్చేది. బావాజీకి అదంటే ప్రాణం. కట్టుడు పళ్ళతో నమలడం కుదరక, టీలో ముంచుకుని తినేవాడు. కారం నసాళానికంటి కళ్ళ నీళ్ళు కారుతుంటే "బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా" అనేవాడు. ఆ సంగతి చెబితే అమ్మ నవ్వి, మరుసటి వారం కారం తగ్గించింది. ఆయన ఒప్పుకోలేదు.

మామ పని పద్ధతి మామది. ప్రతి సిపాయికీ ముందు ఒళ్ళంతా ఎర్ర పూత. "నల్లది వెయ్యి, నీడలు బాగా తేలతాయి" అని బావాజీ పోట్లాడేవాడు. "పటానికి ఎరుపే సేఠ్. ఎరుపు లేంది బొమ్మ లేవది" అని మామ. చివరికి మామ మాటే నెగ్గింది. పిల్ల పళ్ళకు తేలింది ఆ ఎరుపే.

మిల్లులోలాగే మామ ఒక సాంపిల్ పెట్టుకున్నాడు. మొదట రంగు వేసిన సిపాయిని మా ఇంట్లో, దేవుడి పటాల పక్కన నిలబెట్టాడు. సాయంత్రాలు ఇంటి దగ్గర రంగులు కలిపి, వాడి పక్కన పెట్టి సరిచూసుకుని, డబ్బీల్లో పోసుకుని ఆదివారం తీసుకెళ్ళేవాడు. చామనఛాయ కుదరలేదంటే నా చెయ్యి లాగి పక్కన పెట్టి చూసేవాడు. ఓరుగల్లు సైన్యమంతా నా చేతి రంగే.

అచ్చులో వచ్చిన సిపాయిలకు తలపాగాలు ఉండేవి. ఓరుగల్లు వాళ్ళకు సిగలు కావాలని మామ పట్టు. తలపాగాలు ఆకురాయితో గీకేసి, నేను పందెంలో గెలిచిన చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించి, ఆ జిగురులో సుద్ద కలిపి, సూది మొనతో ఒక్కొక్కడి నెత్తినా సిగ చుట్టాడు. ఉడుకుతున్న చింతగింజల వాసన కమ్మగా ఉండేది. మామ చూడనప్పుడు వేలితో తీసి నాకేదాన్ని. చప్పగా ఉండేది, అయినా నాకేదాన్ని.

వానలు మొదలైన వారమే అనుకుంటాను, మేం వెళ్ళేసరికి బావాజీ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "పెయింటర్ బాబూ, నీ సైన్యానికి గుండు కొట్టించేశారు!"

చీమలు. గోడ పగుల్లోంచి బారు కట్టి వచ్చి, ఓరుగల్లు సిగలన్నీ తినేశాయి. సూరత్ కోట వైపు ఒక్క చీమ పోలేదు. మామ తల పట్టుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే సాంపిల్ సిపాయి సిగ కూడా సగం పోయింది. బాపు పడిపడి నవ్వాడు. "ఢిల్లీ ఫౌజు దాకా ఎందుకు, చీమలకే ఓరుగల్లు పాయె!" రెండోసారి మామ జిగురులో చీమలు ముట్టని విషం, మైలుతుత్తం కలిపాడు. సాంపిల్ సిగ మాత్రం అలాగే వదిలేశాడు, రంగు చూసుకోవడానికి సిగతో పనేముందని. వీడి నెత్తిన ఉన్నది మైలుతుత్తం లేని సిగే. అంతవరకు నయం.

*

కళ్ళ దగ్గర వచ్చింది అసలు పేచీ.

సిపాయికి రంగు వేసేవాళ్ళెవరైనా కళ్ళు ముందు పెడతారట. తప్పిపోతే చుట్టూ ముఖం రంగుతో సరిచేసుకోవచ్చు. బావాజీ ఆ మాటే చెప్పాడు. మామ కుంచె కింద పెట్టేశాడు.

"కండ్లు ఆఖరికి సేఠ్. పటం మొత్తం అయినంక, రాయించుకున్నోళ్ళను ముందట కూసోబెట్టి, అందరికి ఒక్క పొద్దే పెట్టాలె. మా నకాషీ తాత గట్లనే పెట్టేటోడు."

"ఇది పటం కాదు, బల్ల."

"బల్లయినా అంతే. కొందరికి పెట్టి కొందరికి ఇడిస్తే, పెట్టినోళ్ళు పెట్టనోళ్ళను చూస్తరు. మంచిది గాదు."

బావాజీ నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. "దీకరా, నాకు కాలా మోతియా. చూపు పక్కలనుంచి మూసుకుపోతోంది. సొరంగంలోంచి చూసినట్టుంది. వెనక్కి రాదన్నాడు డాక్టరు. అది మొత్తం మూసుకునేలోపల నీ ఓరుగల్లు ఒక్కసారి ఆడాలి. కళ్ళున్న సైన్యాన్ని నా కళ్ళతో చూసి ఆడాలి. దీపావళి దాటనివ్వకు."

"దీపావళి దాకెందుకు, శ్రావణంలనే పెడ్త" అన్నాడు మామ. "సైన్యం మొత్తం కానియ్యి."

సైన్యం మొత్తం కావడమంటే ఏమిటో వాళ్ళిద్దరిలో ఎవరికీ తెలియదనిపిస్తుంది ఇప్పుడు. అనుకున్న బంట్లు అయిపోయారు. మామ కుంచె కడుగుతుంటే బావాజీ గొంతు సవరించుకున్నాడు. "మట్టికోట మీద విలుకాళ్ళు లేకపోతే బోసిగా ఉండదూ?" విలుకాళ్ళు అయ్యారు. "ఏనుగులు లేకుండా ఓరుగల్లా?" అన్నాడు మామే. ఏనుగులయ్యాయి. ఏనుగులకు మావటీలు. తర్వాత గడ్డిమోపులు మోసే ఆడవాళ్ళు, కందకంలో నీళ్ళు తోడే మనిషి, ఒక కుక్క. కుక్కకూ కళ్ళు పెట్టలేదు. ప్రతి ఆదివారమూ పొయ్యి మీద కొత్తగా సీసం కరిగేది. ప్రతి ఆదివారమూ "ఈ ఒక్కటీ అయితే అయిపోయినట్టే" అనుకునేవారు.

అప్పుడు నాకు సంతోషంగా ఉండేది, ఆట ఇంకా ఉందని. వాళ్ళకూ అంతేనేమో. యుద్ధం ఆడేస్తే ఈ పెయింటరూ ఈ పిల్లా మళ్ళీ వస్తారో రారో అని ఆయన. అయిపోతే సోమవారం నుంచి ఆదివారం దాకా ఎవరి పువ్వులో గీసుకుంటూ ఉండాలని ఈయన. ఒకరికి ఒకరు చెప్పుకోలేదు. విలుకాళ్ళనీ ఏనుగులనీ అడ్డం పెట్టుకున్నారు. ఆయన చూపు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

బల్ల మీద నేలకు నల్ల ఇసుక కావాలని బావాజీ ఒక సెలవురోజు మమ్మల్ని డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్ళాడు. వాన వెలిసిన మధ్యాహ్నం. టమాటా భజియాలు నోరు కాలేలా తిన్నాం. నేను గౌను ఒడి నిండా ఇసుక ఎత్తుకున్నాను. బావాజీ మాట్లాడుతూ మాట్లాడుతూ నడుచుకుంటూ పోయి, బూట్లతో సముద్రంలోకి దిగిపోయాడు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చినా ఆగలేదు. నేను కిలకిలా నవ్వాను, తమాషా చేస్తున్నాడనుకుని. మామ పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనూ మామ ఆ చెయ్యి వదల్లేదు. బావాజీ బూట్లలోంచి నీళ్ళు నా కాళ్ళ మీదికి కారుతున్నాయి.

ఆ తర్వాత ఆయన నాకొక ఉద్యోగం ఇచ్చాడు. మామకు ఆట నేర్పుతూ పాచిక వేసి "దీకరీ, ఎంత పడింది?" అని అడిగేవాడు. నేను గట్టిగా చదవాలి. గెలిపించేదీ ఓడించేదీ నేనే అన్నంత గర్వంగా ఉండేది. చదవలేక అడుగుతున్నాడని తెలియదు.

మామకు తెలిసింది. ఆ వారం ఇంట్లో అన్నం సరిగా తినలేదు. అమ్మ గదిమితే చెప్పాడు.

"పెట్టేస్త అక్కా. వచ్చే ఐతారం పెట్టేస్త. ఇంకొక్క బొమ్మ కూడ పొయ్యొద్దని చెప్త."

"గా మాట ముందే అనుంటే అయిపోతుండె గదరా తమ్మీ" అంది అమ్మ. తిట్టలేదు. మెల్లగా అంది.

*

ఆ ఆదివారం మామ తలస్నానం చేసి, ఒక్కపొద్దుండి, ఉడుత వెంట్రుకల కుంచె కొత్త గుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు. కొబ్బరికాయ నా చేతికిచ్చాడు. బావాజీ కూడా ఉతికిన తెల్ల కోటు వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. బల్ల మీద రెండు గోడల ఓరుగల్లు, డుమస్ నల్ల ఇసుకలో. ఇటు మా వాళ్ళు, అటు ఢిల్లీ గుర్రాలు. కిటికీ రెక్కలన్నీ తెరిచాడు.

"పెట్టేముందు ఒకసారి సైన్యాన్ని చూసుకోనీ" అన్నాడు.

చూడటమంటే చేత్తోనే. వేళ్ళు మట్టికోట మీంచి మొదలుపెట్టి, విలుకాళ్ళ తలలు తాకుతూ, ఏనుగుల వెన్నులు నిమురుతూ వచ్చాడు. చెయ్యి తగిలి ఇద్దరు ముగ్గురు పడిపోయారు. నేను నిలబెట్టాను. ముందు వరసకొచ్చాడు. ఒక్కొక్కడి భుజమూ తాకుతూ పోయిన వేళ్ళు ఒకచోట ఆగాయి. అక్కడ ఖాళీ. వేళ్ళు ఆ ఖాళీలో అటూ ఇటూ వెతికాయి.

"ఇక్కడ ఒకడు లేడు."

మామ నాలుక కరుచుకున్నాడు. "సాంపిల్ సేఠ్. ఇంట్ల ఉండిపోయిండు."

రంగు కోసం పక్కన పెట్టిన ఆ మొదటివాడు. వాడి చోటు వాడికి వదిలేసి, మిగతా సైన్యమంతా నింపుకుంటూ వచ్చారు. చివరిరోజు వాణ్ని తీసుకురావాలని ఎవరికీ తట్టలేదు. ఒంటిపూట ఉపవాసం, కొబ్బరికాయ, కుంచె, అన్నీ గుర్తున్నాయి. దేవుడి పటాల పక్కన రోజూ కంటికి కనబడేవాడే గుర్తురాలేదు.

మామ కుంచె వంక చూశాడు. బల్ల వంక చూశాడు. పెట్టేద్దామా అన్నట్టు గుడ్డ మడత విప్పాడు కూడా. బావాజీ చెయ్యి చాచి, తడుముకుని, మామ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. నువ్వే చెప్పావుగా, అందరికీ ఒకేరోజని. వచ్చే ఆదివారం వాణ్ని తీసుకురా. అప్పుడు పెడదాం, అప్పుడే ఆడదాం. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం."

ఆయన గొంతులో దిగులు లేదు. ఇంకో ఆదివారం దొరికినందుకు సంబరపడ్డట్టే ఉన్నాడు. టీ పెట్టాడు. కొబ్బరికాయ కొట్టకుండా తిరిగి తెచ్చుకున్నాం. మర్నాడు అమ్మ పచ్చడి చేసింది.

మరుసటి ఆదివారం మామ సాంపిల్ సిపాయిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. మేం వెళ్ళేసరికి గుమ్మం ముందు అచ్చుముగ్గు లేదు. తలుపుకు తాళం. పక్కింటామె కిటికీలోంచి చెప్పింది. బుధవారం మెట్ల మీద పడ్డాడట. ముంబై నుంచి చెల్లెలి కొడుకు వచ్చి ఆయన్ని తనతో తీసుకెళ్ళాడు. బల్ల మీదివన్నీ చీరల అట్టపెట్టెల్లో సర్ది లారీ ఎక్కించాడో, ఎవరికైనా ఇచ్చేశాడో ఆమెకు తెలియదు. వెళ్ళేటప్పుడు బావాజీ కారులో కూర్చుని కూడా "పెయింటర్ వస్తాడు, ఒక్కణ్ని తెస్తాడు, ఆగండి" అంటూనే ఉన్నాడట. ఏం మాట్లాడుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదట.

మామ ఆ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాకు కాళ్ళు నొప్పులు పుట్టి ఎత్తుకోమన్నాను. ఎత్తుకున్నాడు. ఏనుగు మాట మాత్రం ఎత్తలేదు.

దీపావళికి ఊరెళ్ళినవాడు మళ్ళీ సూరత్ రాలేదు. అతను వదిలివెళ్ళిన సిపాయిని అమ్మ తన చీరల పెట్టెలో దాచింది. బావాజీ సంగతి మాకు తెలియలేదు. ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు ఎత్తైన భవనం ఉంది. కింద అంతస్తులో మొబైల్ దుకాణం. ఒకటి రెండుసార్లు ఆ దుకాణంలోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా ఫోను గాజు మార్పించుకుని వచ్చాను. బల్ల ఎక్కడ ఉండేదో గుర్తుపట్టలేకపోయాను.

*

సాయంత్రం డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక మామకు ఫోన్ చేశాను. ముందు పిల్ల గురించి అడిగాడు. సీసం అంటే కంగారు పడ్డాడు. తర్వాత ఏ సిపాయో తనే పోల్చుకుని అడిగాడు. "సగం సిగోడా?"

"అవును మామా. వాడే. ఇంకా కళ్ళు లేవు."

అవతల కోళ్ళ చప్పుడు, ఎవరో బిందె దించిన చప్పుడు.

"పిల్ల అడుగుతోంది మామా. నేను పెట్టనా కళ్ళు? సన్న కుంచె కొనుక్కొస్తా."

"ఒక్కనికే పెడితే ఎట్ల బిడ్డా?" అన్నాడు. "కండ్లు తెరిచి ఎవర్ని చూస్తడు వాడు?"

మళ్ళీ తనే అన్నాడు. "ఆ ముసలాయన వేళ్ళు పెట్టి ఎతికిండు సూడు, ఆ జాగ... వీణ్ని ఆ పొద్దు జేబుల ఏసుకొని పోతే అయిపోతుండె. ఓడితే ఓడేటోళ్ళం. ఆడినమన్న తృప్తన్న ఉంటుండె."

ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెవుల్లో ఉంది. పిల్ల ఎన్నాళ్ళనుంచో డుమస్ తీసుకెళ్ళమంటోంది. దగ్గు తగ్గనీ అన్నాను, వానలు వెనకపట్టనీ అన్నాను, నాన్నకు డ్యూటీ మారనీ అన్నాను. ఇప్పుడు రిపోర్టు రానీ అంటున్నాను.

సిపాయిని గాజు సీసాలో వేసి, మూత బిగించి, స్టూలెక్కి అలమారా పైన పెట్టాను. దిగబోతూ ఆగాను. ముఖం గోడ వైపు ఉంది. కళ్ళు లేనివాడికి ఎటైతే ఏముంది. అయినా మళ్ళీ స్టూలెక్కి, సీసాను పిల్ల పడుకున్న వైపుకి తిప్పాను.